మంచుకొండ బొమ్మ ఒక్కటే చూసి టైరు కొనవద్దు

సంపాదకుల వారికి నమస్కారములు.

మీ పత్రిక ప్రవాసుల పుటలో ఇటీవల చలిదేశాల్లో కారు నడపడం గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. జర్మనీకి చదువు కోసమో ఉద్యోగం కోసమో వస్తున్న మన పిల్లలు పాత కారు ఎలా కొనుక్కోవాలో, బీమా ఎలా చేయించుకోవాలో అందులో విపులంగానే చెప్పారు. ఇక్కడ స్థిరపడిన 6 నెలల తర్వాత భారతీయ లైసెన్సు మీద నడపడం కుదరదనీ, మళ్లీ పరీక్షలు రాయక తప్పదనీ గుర్తు చేయడం కూడా బాగుంది. అయితే వింటర్ టైర్ల దగ్గరికి వచ్చేసరికి, టైరు పక్కగోడ మీద మంచుకొండ బొమ్మ ఉంటే ఏ కంపెనీదైనా ఒకటేననీ, చవకది చూసి వేయించుకుంటే సరిపోతుందనీ ఒకే ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ వాక్యం చట్టం వరకు సరైనదే గాని, రోడ్డు మీద సరైనది కాదు. నేను సరిగ్గా అదే సలహా పాటించి మూడు చలికాలాలు గడిపినవాణ్ణి కాబట్టి, నాకు తెలిసినంత మేరకు వివరించాలని ఈ లేఖ రాస్తున్నాను.

మాది గుంటూరు. పదకొండేళ్లుగా స్టుట్‌గార్ట్ సమీపంలో ఉంటున్నాను. ఉద్యోగరీత్యా టైర్లతో నాకు ఏ సంబంధమూ లేదు. నా పాత ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ కారుకు 205/55 ఆర్ 16 కొలతలో ఒక చవక రకం వింటర్ టైర్లను ఒక్కొక్కటి 52 యూరోల చొప్పున నాలుగు కొని, మూడు శీతకాలాల్లో సుమారు 17,000 కిలోమీటర్లు నడిపాను. ఆ టైరు పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే ఒక్క కారు, ఒక్క సెట్టు అనుభవంతో ఒక సంస్థను పేరు పెట్టి దూషించడం న్యాయం కాదు. అదే కొలతలో, అదే వారంలో, ఒక్కొక్కటి 94 యూరోలు పెట్టి పేరున్న రకం కొన్న మిత్రుడు ఒకరు మా వీధిలోనే ఉన్నారు. ఆయనదీ గోల్ఫే, ఇద్దరం తిరిగే దూరం కూడా దాదాపు సమానం. ఈ యాదృచ్ఛికం వల్లనే నాకు పోల్చి చూసే అవకాశం దొరికింది.

ముందుగా చట్టం సంగతి. జర్మనీలో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు వింటర్ టైర్లు ఉండాలన్న నియమం లేదు. రోడ్డు మీద మంచు, గడ్డకట్టిన నీరు, బురదమంచు, నూగుమంచు ఉన్న పరిస్థితిలో కారు నడిపితే మాత్రం తగిన టైర్లు ఉండితీరాలి. లేకపోతే 60 యూరోల జరిమానా, లైసెన్సు మీద ఒక పెనాల్టీ పాయింటు పడతాయి. ప్రమాదం జరిగితే జరిమానా 120 యూరోలకు పెరుగుతుంది. ఎవరి పేరున కారు ఉందో ఆ యజమాని అలాంటి బండిని నడవనిచ్చినందుకు వేరుగా 75 యూరోలు కట్టాలి. స్నేహితుడి కారు అడిగి తీసుకునే మన కుర్రవాళ్లు ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి. అంతకన్నా భయపడవలసినది బీమా. తీవ్ర నిర్లక్ష్యం అని తేలితే సొంత కారు నష్టానికి ఇచ్చే పరిహారంలో కోత పడవచ్చు. మునుపు ‘ఎం ప్లస్ ఎస్’ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అన్న అక్షరాలున్న పాత టైర్లను కూడా అనుమతించేవారు గాని, ఆ గడువు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. ఇప్పుడు మూడు శిఖరాల కొండ, దాని నడుమ మంచు పువ్వు ఉన్న గుర్తు తప్పనిసరి. అక్టోబరు నుంచి ఈస్టర్ వరకు వింటర్ టైర్లు అన్నది ఇక్కడివారు నోటిలెక్కగా చెప్పుకొనే మాటే తప్ప చట్టం కాదు.

మన భాషలో మంచు అన్న ఒక్క మాటే తెల్లవారుజామున గడ్డి మీద పడే బిందువులకూ, హైవే మీద కమ్ముకునే తెరకూ, ఆకాశం నుంచి దూదిలా రాలే హిమానికీ సరిపోతుంది. గుంటూరులో దానివల్ల ఇబ్బందేమీ లేదు. ఇక్కడ మాత్రం ఆ మూడింటి మీదా టైరు మూడు రకాలుగా ప్రవర్తిస్తుంది. వింటర్ టైరు అనగానే మన కళ్ల ముందు మెదిలేది మూడోది, అంటే తెల్లటి రోడ్డు. అసలు పొరపాటు అక్కడే మొదలవుతుంది. స్టుట్‌గార్ట్ లోయలో నేను గడిపిన చలికాలాల్లో రోడ్డు తెల్లగా ఉన్న ఉదయాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలినన్ని రోజులూ ఉండేది రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో, సన్నని ముసురులో, మధ్యాహ్నం నాలుగున్నరకే చీకటి పడిన తడి తారురోడ్డు.

తెల్లటి రోడ్డు మీద నా చవక టైర్లు బాగానే పనిచేశాయి. ఈ విషయం దాచుకోవడం తగదు. మూడో ఏడాది జనవరిలో ఒక ఆదివారం ఉదయం, మా మిత్రుడు పనిచేసే కార్యాలయపు ఖాళీ పార్కింగులో, వారి అనుమతితో, చీలమండ లోతు తాజా మంచు మీద రెండు కార్లనూ గంటకు 30 కిలోమీటర్ల వేగం నుంచి బ్రేకు తొక్కి చూశాం. ఒక్కో కారుతో ఆరేసి సార్లు ఆపి, చక్రాల జాడ పక్కన టేపు పరిచి కొలిచాం. ఆయన కారు సగటున పదకొండు మీటర్లకు కాస్త పైగా, నాది పన్నెండు మీటర్లకు కాస్త లోపల ఆగాయి. ఆ తేడాకు మా కాలి ఒత్తిడిలో హెచ్చుతగ్గులు చాలు. స్టుట్‌గార్ట్ నుంచి ఉల్మ్ వైపు వెళ్లే ఎ8 రహదారి ష్వేబిష్ ఆల్బ్ కొండల మీదికి ఎక్కే చోట కూడా, లారీలు బారులు తీరి నిలిచిపోయిన ఒక సాయంత్రం, నా కారు జారకుండా ఎక్కింది. ఆ రోజు 168 యూరోలు మిగుల్చుకున్న నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మురిపెం ఫిబ్రవరి దాకా కూడా నిలవలేదు. సురక్షిత డ్రైవింగ్ నేర్పే ఒక శిక్షణ మైదానంలో మేమిద్దరం ఒకే రోజు శిక్షణకు పేరు నమోదు చేసుకున్నాం. అక్కడ నీళ్లు చిమ్మే గొట్టాలతో తడిపిన తారు మీద, ఐదు డిగ్రీల చలిలో, గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి అత్యవసరంగా బ్రేకు వేయించారు. పక్కన నారింజ రంగు కోన్‌లు మీటరుకొకటి చొప్పున వరుసగా ఉన్నాయి. మిత్రుడి కారు ముందుభాగం పదమూడో కోన్ దగ్గర ఆగింది. నా కారులో పెడల్ గడగడలాడుతోంది, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తన పని తాను చేస్తోంది, పదమూడో కోన్ కిటికీ పక్కనుంచి వెనక్కి వెళ్లిపోయింది, తర్వాత పద్నాలుగు, పదిహేను, పదహారు కూడా వెళ్లిపోయాయి. పదహారున్నర దగ్గర ఆగాను. మరో మూడు సార్లు చేసినా అర మీటరు అటూ ఇటూగా అంతే వచ్చింది. రెండు కార్ల టైర్లలోనూ గాలి ఎంత ఉందో శిక్షకుడే చూశాడు, లోపమేమీ లేదు.

మూడున్నర మీటర్లే కదా అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. ఆ శిక్షకుడు బల్ల మీద ఉన్న లెక్కల యంత్రం నా ముందుకు జరిపి, మిత్రుడి కారు పూర్తిగా ఆగిపోయిన చోట నా కారు ఇంకా ఎంత వేగంతో ఉందో లెక్క కట్టమన్నాడు. బ్రేకు దూరం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి, ఆ లెక్క ప్రకారం పదమూడో కోన్ దగ్గర నా కారు గంటకు 23 కిలోమీటర్ల వేగంతో పోతోంది. అదే పట్టు కొనసాగుతుందనుకుని 80 కిలోమీటర్ల వేగానికి లెక్కిస్తే మిత్రుడి కారుకు 33 మీటర్లు, నాకు 42 మీటర్లు పడతాయి. ఆయన కారు నిలబడిన చోట నాది ఇంకా 37 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. బ్రేకు మీద కాలు పడడానికి ముందే పట్టే సెకనులో 80 కిలోమీటర్ల వేగానికి దొర్లిపోయే 22 మీటర్లు ఇద్దరికీ సమానమే కాబట్టి వాటిని నేను కలపలేదు.

ఇది రెండు కార్లతో చేసిన చూపులెక్క మాత్రమేననీ, ప్రయోగశాల పరీక్ష కాదనీ నాకు తెలుసు. అయితే జర్మనీ మోటారు క్లబ్బు ఏడీఏసీ ఏటా ప్రకటించే టైరు పరీక్షల పట్టికలను ఆ తర్వాత కూర్చుని చదివితే, చవక రకాలు కింది వరుసల్లోకి జారడానికి తరచుగా కనపడే కారణం ఇదే. మంచు మీద పర్వాలేదనిపించుకున్న టైరు తడిరోడ్డు మీద తప్పుతుంది. ఆ క్లబ్బు 2023 నుంచి మొత్తం మార్కుల్లో 70 శాతం కారు నడిపేటప్పటి భద్రతకూ, 30 శాతం అరుగుదల, ఇంధనం వంటి పర్యావరణ అంశాలకూ కేటాయిస్తోంది. పరీక్షకు టైర్లను కంపెనీల నుంచి అడిగి తీసుకోకుండా, మనలాగే అంగడిలో కొంటుంది.

మంచు మీద నిలిచిన టైరు నీటి మీద ఎందుకు తడబడుతుందో తెలుసుకుంటే వాదన స్పష్టమవుతుంది. రబ్బరు చల్లబడే కొద్దీ బిగుసుకుంటుంది. ఒక స్థాయి దాటితే గాజులా మారుతుంది. వేసవి టైరు రబ్బరు సుమారు ఏడు డిగ్రీల దగ్గరి నుంచే తన మెత్తదనం కోల్పోవడం మొదలవుతుందని ఇక్కడ అందరూ చెప్పే లెక్క. వింటర్ టైరులో ఆ స్థాయిని ఇంకా కిందికి దించేలా రబ్బరు మిశ్రమాన్ని తయారు చేస్తారు. పైగా గాడుల మధ్య ఉబ్బెత్తుగా ఉండే టైరు దిమ్మెల మీద బ్లేడుతో కోసినట్టు సన్నని చీలికలు ఇస్తారు. ఆ చీలికలూ గాడులూ మంచును పట్టుకుంటాయి. మంచుకు మంచు అతుక్కునే గుణం ఉంది కాబట్టి, గాడిలో కూరుకున్న మంచే రోడ్డు మీది మంచును పట్టి కారును ఆపుతుంది. మెత్తటి రబ్బరు, విస్తారంగా చీలికలు సమకూర్చడం ఏ కర్మాగారానికైనా పెద్ద కష్టం కాదు. తడి తారు మీద కావలసింది వేరు. నీటిని పక్కకు తోసిన తర్వాత, రబ్బరు తారులోని అతిచిన్న గరుకుల మీద వంగుతూ, ఆ వంగడంలో శక్తిని తనలో ఇంకించుకోవాలి. చలికి మెత్తగా ఉండడం కోసమే కలిపిన రబ్బరు బంతిలా ఎగిరి ఆ శక్తిని తిరిగి ఇచ్చేస్తుంది, పట్టు తగ్గుతుంది. ఈ రెండు పరస్పర విరుద్ధ గుణాలనూ ఒకే మిశ్రమంలో కుదర్చడానికి సిలికా, దాన్ని రబ్బరుకు బంధించే సైలేను రసాయనాలు, ప్రత్యేక రెసిన్లు, వాటిని సరైన వేడిలో తగినంతసేపు కలిపే యంత్రకాలం కావాలి. ఖర్చంతా అక్కడే ఉంది. నలభై యూరోలు తగ్గించాలంటే చెయ్యి పడేదీ అక్కడే. పైగా చీలికలు ఎక్కువైన దిమ్మెలు గట్టిగా బ్రేకు వేసినప్పుడు అటూ ఇటూ వంగిపోతాయి. పొడిరోడ్డు మీద స్టీరింగు తిప్పిన అరక్షణానికి కారు తిరిగినట్టు నాకనిపించేది ఇందుకే.

మంచుకొండ గుర్తు వీటిలో దేన్నీ చెప్పదు. ఒక ప్రామాణిక టైరుతో పోల్చి, మంచు మీద ఈ టైరుకు కనీస పట్టు ఉందా లేదా అని మాత్రమే ఆ గుర్తు కోసం పరీక్షిస్తారు. అది పదో తరగతి గట్టెక్కినట్టు పాస్ మార్కే గాని ర్యాంకు కాదు. ఐరోపా సమాఖ్య 2021 మే 1 నుంచి అమలు చేస్తున్న కొత్త టైరు లేబుల్‌లో తడిరోడ్డు పట్టుకు ‘ఏ’ నుంచి ‘ఈ’ వరకు తరగతులున్నాయి, ‘ఏ’ అన్నిటికన్నా మెరుగు. ఇంధన ఖర్చును ప్రభావితం చేసే దొర్లుడు నిరోధానికీ అంతే. బయటి శబ్దం డెసిబెల్స్‌లో ఉంటుంది. మంచుకొండ బొమ్మ వాటి కింద వస్తుంది. మన పిల్లలు ముందుగా చూడవలసినది తడిరోడ్డు పట్టును సూచించే వానచినుకుల బొమ్మ పక్కనున్న అక్షరం. నా టైరుకు ‘సీ’, మిత్రుడి టైరుకు ‘బీ’ అని ఉంది. ఒక్క మెట్టే కదా అని దాన్ని అప్పట్లో పట్టించుకోలేదు. అయితే ఆ అక్షరం కూడా కొత్త టైరుకు సంబంధించినది, తయారీదారు స్వయంగా ప్రకటించుకున్నది. రెండు మూడు చలికాలాలు అరిగిన తర్వాత ఎలా ఉంటుందో దాన్నిబట్టి తెలియదు. అందుకే లేబుల్‌తో ఆగకుండా స్వతంత్ర పరీక్షల పట్టిక కూడా చూడాలంటున్నాను.

ఇక డబ్బు సంగతి. మనవాళ్లు చవక టైరు కొనేది పిసినారితనంతో కాదు. విద్యార్థిగా ఉన్నవాడికి 168 యూరోలంటే రెండు మూడు వారాల వంటసరుకు. కాబట్టి ఆ లెక్కనూ నిజాయితీగా వేయాలి. ఇక్కడ చట్టం ప్రకారం గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు గాని, వింటర్ టైరుకు 4 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే మార్చమని ఏడీఏసీ చెబుతుంది. పొరుగున ఉన్న ఆస్ట్రియాలో ఆ 4 మిల్లీమీటర్లూ చట్టమే. లోతు కొలవడానికి పరికరం అక్కర్లేదు. రెండు యూరోల నాణెం చుట్టూ ఉన్న వెండిరంగు అంచు వెడల్పు 4 మిల్లీమీటర్లు. నాణేన్ని గాడిలో నిలబెట్టినప్పుడు ఆ అంచు పూర్తిగా లోపలికి దిగాలి. మూడో చలికాలం చివర నా ముందు టైర్లలో నాణెం నిలబెట్టి చూస్తే అంచు అంతా దిగి, బంగారు రంగు మొదలయ్యే గీత సరిగ్గా గాడి పెదవికి ఆనుకుంది. కొత్తలో 8 మిల్లీమీటర్లున్న టైరు 4.2కు వచ్చింది. మిత్రుడి టైరులో నాణెపు బంగారు రంగు కూడా కొంత లోపలికి దిగింది, అక్కడ ఇంకా 5.6 మిల్లీమీటర్లున్నాయి.

ఈ తీరున అరిగితే 4 మిల్లీమీటర్లకు చేరేసరికి నా సెట్టు దాదాపు 18,000 కిలోమీటర్లు, ఆయనది 28,000 కిలోమీటర్లు నడుస్తాయి. నేను 208 యూరోలు పెట్టాను, ఆయన 376 పెట్టాడు. 28,000 కిలోమీటర్ల దూరానికి లెక్క కడితే నా రకం టైర్లకు సుమారు 325 యూరోలు అవుతాయి. అంటే నేను మిగుల్చుకున్నాననుకున్న 168 యూరోల్లో మిగిలేది యాభై. ఈలోగా రెండో సెట్టు బిగించి, బ్యాలెన్సింగ్ చేసినందుకు మా దగ్గరి షాపులో టైరుకు 20 యూరోల చొప్పున తీసుకుంటారు కాబట్టి, ఆ యాభై కూడా మిగలదు. ఇంధనం, శబ్దం విషయంలో నాకు చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. రేడియో శబ్దం ఒక గీత పెంచుకుంటే సరిపోయింది.

చవక టైర్లన్నీ చెడ్డవనీ, ఖరీదైనవన్నీ మంచివనీ నేననడం లేదు. పెద్ద సంస్థల అనుబంధ పేర్లు మధ్యస్థ ధరలో చాలా ఉన్నాయి. కాంటినెంటల్‌కు సెంపెరిట్, బారుమ్, మిషెలిన్‌కు క్లేబర్, గుడ్‌ఇయర్‌కు ఫుల్డా వంటివి అలాంటివే. పరీక్షల్లో ఏది ఎక్కడ నిలిచిందో ఏ ఏటికాయేడు చూసుకుని, వీటిలో ఒకటి ఎంచుకోవడం విద్యార్థికి తగిన మార్గమని నా అభిప్రాయం. టైరు ఏ దేశానిదన్నది కూడా కొలమానం కాదు. మన తిరుపతి జిల్లా వరదయ్యపాలెం మండలం చినపాండూరులో కర్మాగారం నడుపుతున్న అపోలో సంస్థే 2009లో నెదర్లాండ్స్‌కు చెందిన వ్రెడెస్టైన్‌ను కొన్నది, ఆ పేరుతో ఇక్కడ వింటర్ టైర్లు అమ్ముతున్నది. కారును వారానికి ఒకసారి కిరాణా కొట్టుకు తప్ప తీయనివారు, మంచు పడే ప్రాంతాల వైపు వెళ్లనివారు, మంచుకొండ గుర్తున్న నాణ్యమైన ఆల్ సీజన్ (ఏడాది పొడవునా వాడే) టైర్లు వేసుకుంటే ఏటా రెండుసార్లు మార్పించే శ్రమ తప్పుతుంది, చట్టమూ ఒప్పుకుంటుంది. పాత టైర్లు కొనేవారు మాత్రం పక్కగోడ మీద చివరి నాలుగు అంకెలు తప్పక చూడాలి. 3817 అని ఉంటే అది 2017లో 38వ వారంలో తయారైనదని అర్థం. గాడి ఎంత లోతున్నా ఆ రబ్బరు వయసు అప్పటికే మీదపడింది.

జర్మనీ విశ్వవిద్యాలయాల్లో శీతకాలపు సెమిస్టరు అక్టోబరులో మొదలవుతుంది. మన ఊళ్ల నుంచి కొత్తగా వచ్చే పిల్లలు దిగేదీ, పాత కార్లు చేతులు మారేదీ, టైర్ల షాపుల ముందు వరుసలు కట్టేదీ ఇంచుమించు ఒకే నెలలో. ఈ లేఖ మొత్తానికి మీ పుటలో చోటు లేకపోతే, వచ్చే సెప్టెంబరులోగా ఆ వ్యాసంలోని ఒక్క వాక్యాన్నైనా సవరించవలసిందిగా కోరుతున్నాను. మంచుకొండ బొమ్మతో పాటు వానచినుకుల బొమ్మ పక్కన ‘ఏ’ గాని ‘బీ’ గాని ఉన్న టైరునే కొనమనీ, రెండు యూరోల నాణెం ఒకటి కారులోనే ఉంచుకోమనీ రాస్తే చాలు.

భవదీయుడు,
మీ పత్రిక పాఠకుడు,
స్టుట్‌గార్ట్, జర్మనీ